ఏడు వారాల పాప ఇంకా నవ్వడం లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నరసరావుపేట దగ్గర పల్లె. పురిటికి వచ్చి పుట్టింట్లోనే ఉన్నాను. పాపకి ఏడు వారాలు. ఇచ్చిన డేటుకి ఐదు వారాల ముందే, 35వ వారంలో ఉమ్మనీరు పోయి కాన్పయింది. బరువు 2.1 కిలోలు. ఊపిరి సరిగ్గా ఆడటం లేదని ఐసీయూలో ఉంచి కొన్ని రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు నా పాలే తాగుతోంది. మొన్న తూకం వేయిస్తే 3.05 కిలోలు ఉంది. పాప పుట్టిన వారంలోనే మా తోడికోడలికి బాబు పుట్టాడు. వాడు పలకరిస్తే నవ్వుతాడు, ఊ కొడతాడు, ఐదు కిలోలు దాటాడు. మా పాప నవ్వదు. కాసేపు మొహంలోకి చూసి తల తిప్పేసుకుంటుంది. ఒక్కోసారి మెల్లకన్నేమో అనిపిస్తుంది. నాలుగైదు రోజులుగా దీపాలు పెట్టే వేళకి మొదలుపెట్టి గుక్కపట్టి ఏడుస్తోంది. పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టమని అత్తయ్య, వస అరగదీసి ఆముదంతో కలిపి పోద్దామని అమ్మ. మా వారు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, యాప్‌లో రెండు నెలలకి నవ్వాలని ఉందంటారు. బరువు తక్కువ కదా అని ఆరు వారాల టీకాలు కూడా వాయిదా వేశాం. పాప మెదడుకేమైనా అయిందా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

సమాధానం: అమ్మా, మీ పాప పుట్టి ఏడు వారాలైన మాట నిజమే గానీ, ఎదుగుదల లెక్కలో ఆమె వయసు రెండు వారాలు. రెండు వారాల పిల్లలెవరూ పలకరిస్తే నవ్వరు.

లెక్క సులువే. కాన్పుకి ఇచ్చిన డేటు 40 వారాలకి. పాప 35కే వచ్చేసింది. ఐదు వారాలు ముందు. పుట్టాక గడిచిన ఏడులోంచి ఆ ఐదూ తీసేస్తే మిగిలేది రెండు. దీన్ని మేము సవరించిన వయసు అంటాం. 37 వారాలు నిండకుండా పుట్టిన ప్రతి బిడ్డకీ నవ్వు, మెడ నిలపడం, బోర్లా పడటం, కూర్చోవడం, నడక, మాట అన్నీ ఈ వయసుతోనే చూడాలి, రెండేళ్ళు నిండేదాకా. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఈ ఒక్క ముక్క తల్లికి చెప్పకపోవడం మా వాళ్ళు తరచూ చేసే పొరపాటు. ఇంట్లో అందరూ పుట్టిన తేదీ చూసి లెక్కలు కట్టుకుంటారు, తల్లి కుమిలిపోతుంది.

మీ తోడికోడలి బాబు నెలలు నిండి పుట్టాడనే అనుకుంటున్నాను. మీరు రాయలేదు గానీ ఏడు వారాలకి ఐదు కిలోలంటే అలాగే ఉంది. ఇద్దరూ ఒకే వారంలో పుట్టినా కడుపులో పడింది ఒకేసారి కాదు. వాడు మీ పాపకన్నా సుమారు ఐదు వారాలు పెద్ద. ఈ వయసులో ఐదు వారాలంటే చాలా పెద్ద తేడా.

నవ్వుకీ డేటుకీ ఏం సంబంధమని మీ వారు అడగవచ్చు. ఐదు వారాలు ముందే లోకంలోకి వచ్చింది కదా, ముందే మొహాలు చూసింది, ముందే మాటలు వింది, మరి ముందే నవ్వాలి కదా అనిపిస్తుంది. అలా జరగదు. ఎదురుగా ఉన్న మొహం మీద చూపు నిలవాలి, కంటి నుంచి మెదడు పైపొరల దాకా ఆ సమాచారం తడబడకుండా చేరాలి, అక్కడినుంచి పెదవులకీ బుగ్గలకీ కబురు రావాలి. ఆ దారిలోని నరాల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఏర్పడుతూ ఉంటుంది. ఆ పొర పడేకొద్దీ కబురు వేగం పెరుగుతుంది. ఈ పని గర్భం మొదలైన నాటి నుంచీ లెక్కేసే గడియారం ప్రకారం సాగుతుంది. ముందు పుట్టినంత మాత్రాన గడియారం ముందుకి జరగదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని గమనిస్తే తొలి నవ్వు సుమారుగా డేటు దాటాక ఆరు వారాల ప్రాంతంలోనే కనిపిస్తుంది. పుట్టుకతో చూపు లేని పిల్లలు కూడా దాదాపు ఆ వయసులోనే అమ్మ గొంతు విని నవ్వుతారు. ఆ పిల్లలు ఒక్క నవ్వు మొహమైనా చూసి నేర్చుకున్నది లేదు.

నిద్రలో పాప పెదవులు సాగదీసి నవ్వినట్టు చేయడం మీరు చూసే ఉంటారు. దేవుడు నవ్విస్తున్నాడంటారు పెద్దవాళ్ళు. అది మెదడు అడుగు భాగం తనంతట తాను చేయించే కదలిక. మీరు ఎదురు చూస్తున్న నవ్వు వేరు: కళ్ళు మీ కళ్ళతో కలిసి, ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత మొహమంతా విచ్చుకుంటుంది. నెలలు నిండిన పిల్లల్లో అది 6 నుంచి 8 వారాలకి వస్తుంది. మీ పాప విషయంలో పుట్టిన తేదీ నుంచి 11 నుంచి 13 వారాలకన్న మాట. సవరించిన వయసు మూడు నెలలు, అంటే పుట్టి 18 వారాలు దాటాక కూడా పలకరింపుకి నవ్వు రాకపోతే అప్పుడు పిల్లల డాక్టరుకి చూపించాలి. ఇప్పుడు కాదు.

యాప్ సంగతి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన పట్టికలో 75 శాతం లేదా అంతకన్నా ఎక్కువ మంది పిల్లలు ఆ వయసుకి చేసే పనులు ఉంటాయి. రెండు నెలల వరుసలో పలకరిస్తే నవ్వడం ఉంది, మీ వారు తప్పు చెప్పలేదు. కాకపోతే ఆ రెండు నెలలు నెలలు నిండిన బిడ్డవి. డెలివరీ డేటు వేసుకునే వీలుంటే యాప్‌లో అది వేయమనండి. లేకపోతే ఆ యాప్ తీసేయమనండి.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట, మీరు భయపడుతూ రాసినది: కాసేపు మొహంలోకి చూసి తల తిప్పేసుకుంటుంది. సవరించిన వయసు రెండు వారాల బిడ్డ మొహంలోకి చూడటమే గొప్ప. ఈ వయసులో చూపు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో బాగా ఆనుతుంది. ఒళ్ళో పడుకోబెట్టి పాలిచ్చేటప్పుడు పాప కళ్ళకీ మీ మొహానికీ మధ్య ఉండే దూరం సరిగ్గా అంతే. తల తిప్పుకోవడం ఆమె తీసుకునే విశ్రాంతి. ముందు పుట్టిన పిల్లలు చూడటానికి, వినడానికి కూడా త్వరగా అలిసిపోతారు. అప్పుడు గడ్డం పట్టి మొహం ఇటు తిప్పడం, గిలక్కాయ ఆడించడం, చిటికెలు వేయడం చేస్తే చిరాకుపడి ఏడుస్తుంది, లేకపోతే నిద్రలోకి జారుకుంటుంది. ఏమీ చేయకుండా ఆగండి. పావు నిమిషమో అర నిమిషమో గడిచాక తనే మళ్ళీ మీ వైపు చూస్తుంది. అప్పుడు మెల్లగా మాట్లాడండి. ఒకేసారి పాటా, ఊపూ, ముద్దులూ వద్దు. ఏదో ఒకటి చాలు.

ఏం మాట్లాడాలని మొహమాటపడకండి. పప్పులో ఉప్పు ఎక్కువైందని చెప్పినా సరే. కడుపులో ఉన్నప్పుడే పిల్లలకి వినికిడి మొదలవుతుంది, అమ్మ గొంతు బాగా తెలుసు. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు పుట్టి మూడు రోజులైనా దాటని పిల్లల నోట్లో చప్పరించే రబ్బరు పీక పెట్టి, ఒక రకంగా చప్పరిస్తే తల్లి గొంతు, ఇంకో రకంగా చప్పరిస్తే వేరొకామె గొంతు వినిపించే ఏర్పాటు చేశారు. తల్లి గొంతు వినడం కోసం పిల్లలు చప్పరించే తీరు మార్చుకున్నారు.

మెల్లకన్ను గురించి. కళ్ళు రెండూ ఒకే చోట నిలవడానికి కండరాలకి కొంత కాలం పడుతుంది. అప్పుడప్పుడు ఒక కన్ను పక్కకి పోయినట్టుండటం మూడు నాలుగు నెలల దాకా మామూలే. ఎప్పుడు చూసినా ఒకే కన్ను ఒకే పక్కకి ఉంటే, లేదా కంటిపాప తెల్లగా మెరుస్తున్నట్టు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

ఇక్కడ మాత్రం కాస్త గట్టిగా చెప్పాల్సి ఉంది. పాపకి ఆక్సిజన్ పెట్టారన్నారు. కంటి వెనక రెటీనాలో రక్తనాళాలు నడిమి నుంచి అంచుల వైపు పెరుగుతూ డేటు దగ్గర పడేసరికి పూర్తవుతాయి. పెరుగుదల పూర్తికాకుండా పుట్టి, పైగా ఆక్సిజన్ అవసరమైన పిల్లల్లో కొందరికి ఆ నాళాలు అడ్డదిడ్డంగా పెరుగుతాయి. దాన్ని ఆర్ఓపీ అంటారు. పైకి ఏమీ తెలియదు, కన్ను చూడటానికి బాగానే ఉంటుంది. పట్టుకోకపోతే కొందరికి చూపు పూర్తిగా పోతుంది, సమయానికి పట్టుకుంటే లేజర్‌తో కాపాడవచ్చు. మన దేశంలో 34 వారాల లోపు లేదా 2 కిలోల లోపు పుట్టిన పిల్లలందరికీ, 34 నుంచి 36 వారాల వాళ్ళలో ఆక్సిజన్ వంటివి అవసరమైనవాళ్ళకీ పుట్టిన 30 రోజుల లోపు ఈ పరీక్ష చేయించాలి. మీ పాప రెండో కోవలోకి వస్తుంది. డిశ్చార్జ్ కాగితాలు తీసి ఆర్ఓపీ అని ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి. చేసి ఉంటే మంచిదే, మళ్ళీ రమ్మన్న తేదీ ఉందేమో చూసుకోండి. లేకపోతే వచ్చే నెలకో, పురుడు పూర్తయ్యాకో అనకుండా ఈ వారంలోనే వెళ్ళండి. మీకు విజయవాడలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి దగ్గర. పిల్లల రెటీనా చూసే డాక్టరు ఎక్కడున్నా సరే. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి చూస్తారు, పరీక్ష కొద్ది నిమిషాల పని. పాప ఏడుస్తుంది, కళ్ళు ఎర్రబడతాయి, భయపడకండి. పరీక్షకి ముందు ఓ గంట పాలు పట్టకండి, కక్కుకోకుండా ఉంటుంది. చాలామంది పిల్లలకి ఏమీ లేదనే తేలుతుంది. మీ పాప డేటు కూడా దాటింది కాబట్టి ఒక్కసారితో సరిపోవచ్చు.

అదే ప్రయాణంలో చెవి పరీక్ష కూడా అడగండి. ఐసీయూలో ఉన్న పిల్లలకి లోపలి చెవిని చూసే ఓఏఈ పరీక్ష ఒక్కటే కాకుండా, చెవి నుంచి మెదడుకి వెళ్ళే నరాన్ని కూడా చూసే బెరా పరీక్ష చేయడం మేలు. వినికిడి లోపం ఉంటే మూడు నెలల లోపు తెలియాలి, అప్పుడే ఆరు నెలల లోపు వినికిడి మిషన్ పెట్టి మాటలు వచ్చేలా చేయగలం. తలుపు దబాలున పడితే పాప ఉలిక్కిపడుతుందని ఊరుకోకండి, దాంతో వినికిడి పూర్తిగా తెలియదు.

టీకాల వాయిదా నాకు నచ్చలేదు. ఇందాకటి లెక్క ఇక్కడ తిరగబడుతుంది: నవ్వుకి సవరించిన వయసు, టీకాలకి పుట్టిన తేదీ. ముందు పుట్టిన పిల్లలకి తల్లి నుంచి రక్షణ తక్కువగా అందుతుంది. ఎందుకంటే ఆ యాంటీబాడీలు ఎక్కువగా చివరి వారాల్లోనే మాయ దాటి వస్తాయి. కోరింత దగ్గు వస్తే ముందుగా ప్రమాదంలో పడేది ఇలాంటి పిల్లలే. మూడు కిలోల బిడ్డకి బరువు సాకు కాదు. ఆరు వారాలకి వేసే పెంటావాలెంట్, పీసీవీ, పోలియో చుక్కలు, పోలియో ఇంజక్షన్, రోటా చుక్కలు అన్నీ మీ ఉప కేంద్రంలో ఏఎన్ఎం గారు ఉచితంగా వేస్తారు. టీకాల రోజు కనుక్కుని వెళ్ళండి. ఆ తర్వాతి విడతలు నాలుగు వారాల ఎడంతో. పుట్టినప్పుడు వేయాల్సిన బీసీజీ పడిందో లేదో కూడా కార్డులో చూపించండి.

అత్తయ్య గారి మాటకి వస్తాను. పాలు చాలుతున్నాయో లేదో ఏడుపు చెప్పదు, త్రాసు చెబుతుంది. పుట్టిన పిల్లలు మొదటి రోజుల్లో బరువు తగ్గి, రెండు వారాలకి అటూ ఇటూగా మళ్ళీ పుట్టిన బరువుకి చేరతారు. మీ పాప కూడా అలాగే చేరిందనుకుంటే, ఆ 2.1 నుంచి 3.05కి రావడానికి 35 రోజులు పట్టింది. 950 గ్రాములు, అంటే రోజుకి 27 గ్రాములు. ఈ వయసులో 20 నుంచి 30 గ్రాములు పెరిగితే మేము సంతోషిస్తాం. ఐసీయూ నుంచి వచ్చిన బిడ్డని ఒక్క డబ్బా చుక్క లేకుండా మీరు ఇంత పెంచారు. ఈ లెక్క కాగితం మీద వేసి అత్తయ్య గారికి చూపించండి. రోజుకి ఆరుసార్లకి తక్కువ కాకుండా మూత్రం పోస్తుంటే ఇంకో సాక్ష్యం కూడా ఉన్నట్టే.

సాయంత్రాలు రొమ్ములు మెత్తబడినట్టుండటం, పాప గంటలో మూడుసార్లు పట్టడం చూసి పాలు అయిపోయాయనుకుంటారు. పాలు కుండలో నీళ్ళలా నింపి పెట్టుకునేవి కావు, తాగేకొద్దీ తయారయ్యేవి. సాయంత్రం పూట పదేపదే పట్టడం వల్ల మర్నాటికి పాలు పెరుగుతాయి. ఆ సమయంలో డబ్బా పాలు పోస్తే పాప పట్టడం తగ్గిస్తుంది, పాలూ తగ్గుతాయి, వారం తిరిగేసరికి అత్తయ్య గారి మాటే నిజమైపోతుంది. రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు పట్టండి. ముందు పుట్టిన పిల్లలు తాగుతూ తాగుతూ నిద్రపోతారు కాబట్టి మూడు గంటలు దాటి పడుకోనివ్వకండి. అరికాళ్ళు రుద్ది, గుడ్డ మార్చి, మళ్ళీ పట్టండి. విటమిన్ డి చుక్కలు రోజుకి 400 యూనిట్లు వేస్తున్నారా? ఐరన్ చుక్కలు రాశారా? కడుపులో బిడ్డ ఐరన్ దాచుకునేది ఆఖరి నెలల్లోనే, అవి మీ పాపకి సగంలో ఆగిపోయాయి. మోతాదు బరువుని బట్టి ఉంటుంది కాబట్టి మీ పిల్లల డాక్టరుని అడిగి మొదలుపెట్టండి.

మరి ఏడుపెందుకు? దీని గురించి ఉన్నదున్నట్టు చెబుతాను: రాబోయే నెలలో ఇది ఇంకా పెరగవచ్చు.

బ్రాజెల్టన్ అనే అమెరికా పిల్లల డాక్టరు, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులతో రోజూ ఏడుపు సమయాలు రాయించి 1962లో ప్రచురించారు. రెండు వారాల వయసులో రోజుకి సుమారు గంటా ముప్పావు. ఆరు వారాలకి రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. మూడు నెలలు వచ్చేసరికి గంటకి లోపు. ఎక్కువ ఏడుపు సాయంత్రాలే. ఆ తర్వాత చాలా చోట్ల చూశారు, ఏడుపు పెరిగి తగ్గే తీరు దాదాపు ఇదే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లోనూ ఏడుపు బాగా ఎక్కువయ్యే ఆ శిఖరం ఉంది, డేటు నుంచి లెక్కేస్తే ఆరు వారాలకి. మీ పాపకి సవరించిన వయసు రెండు వారాలు, ఏడుపు ఇప్పుడే మొదలైందన్నారు. నవ్వు ఏ లెక్కన ఆలస్యమైందో ఏడుపు కూడా అదే లెక్కన ఇప్పుడొచ్చింది. రెండూ ఒకే గడియారం.

ఈ ఏడుపులో మొహం ఎర్రబడుతుంది, కాళ్ళు కడుపులోకి ముడుచుకుంటుంది, పిడికిళ్ళు బిగిస్తుంది, గ్యాస్ పోతుంది. చూసినవాళ్ళకి కడుపునొప్పే అనిపిస్తుంది. చాలామటుకు ఏడ్చేటప్పుడు మింగిన గాలే అది. దిష్టి తీసినా, గ్రైప్ వాటర్ పోసినా, వాము నీళ్ళు పట్టినా కాసేపటికి తగ్గుతుంది. ఏమీ చేయకపోయినా తగ్గుతుంది. దిష్టి తీయడం వల్ల నష్టం లేదు, తీయించండి. నోట్లో పోసేవే వద్దు.

ఎత్తుకుంటే అలవాటు పడుతుందని ఎవరైనా అంటే వినకండి. ఆఫ్రికాలోని బోట్స్వానాలో కుంగ్ తెగ తల్లులు, పరిశోధకులు గమనించిన రోజుల్లో, పిల్లల్ని రోజంతా ఒంటికి కట్టుకునే ఉండేవారు, గంటకి ఎన్నోసార్లు పాలిచ్చేవారు. ఆ పిల్లలకీ ఏడుపు శిఖరం ఉండేది, కానీ ఏడ్చినా చప్పున ఊరుకునేవారు. మాంట్రియల్‌లో 1986లో హంజికర్, బార్ చేసిన అధ్యయనంలో, ఏడ్చినప్పుడే కాకుండా మామూలుగా కూడా రోజుకి కనీసం మూడు గంటలు ఎత్తుకున్న పిల్లలు ఆరు వారాల వయసులో మిగతావాళ్ళకన్నా 43 శాతం తక్కువ ఏడ్చారు. ఏడుపు బాగా ముదిరాక ఎత్తుకుంటే అంత ఫలితం కనిపించలేదు, అదీ చెప్పాలి. అంటే ఐదున్నరకే, ఇంకా మొదలుపెట్టకముందే ఎత్తుకోండి. పాపకి గుడ్డ మాత్రం ఉంచి, మీ ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా పెట్టుకుని పైన దుప్పటి కప్పుకోండి. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన కంగారూ పద్ధతి ఇదే, ఐసీయూలో మీకు నేర్పే ఉంటారు. అమ్మమ్మ, నాన్న, ఎవరైనా చేయవచ్చు.

ఎంత చేసినా ఊరుకోని సాయంత్రాలు ఉంటాయి. చేతులు వణికేంత కోపమో దుఃఖమో వస్తే పాపని మంచం మీద కాకుండా కింద పక్క వేసి వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు వాకిట్లోకి వెళ్ళి రండి. ఏడ్చినందువల్ల పాపకేమీ కాదు. విసుగులో ఒక్కసారి గట్టిగా కుదిపితే మాత్రం మెదడులో రక్తస్రావం అవుతుంది. ఇంట్లో పిల్లని ఎత్తుకునే ప్రతివాళ్ళకీ ఇది చెప్పండి.

వస, ఆముదం విషయంలో అమ్మగారితో గొడవ పెట్టుకోకండి గానీ, ఒప్పుకోవద్దు. ఉగ్గుగిన్నెతో పోసిన ఆముదం పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, అసలే ఊపిరి ఇబ్బంది పడిన బిడ్డ. విరేచనాలు పట్టుకుంటే మూడు కిలోల ఒంట్లో నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయి? తేనె కూడా ఏడాది దాకా వద్దు. అమ్మగారి చేతికి ఇంకో పని ఇవ్వండి. గాలి తగలని గదిలో గోరువెచ్చని కొబ్బరి నూనెతో ఒళ్ళంతా మెల్లగా రాయడం పాపకి మంచిది, ఆమె చేతిలో ఉన్న ఒడుపు మీకింకా రాదు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు, పాప రొమ్ములు పిండటం, గదిలో సాంబ్రాణి పొగ, కళ్ళకి కాటుక ఇవి మానేయమనండి. దిష్టి చుక్క అరికాలికి పెట్టుకోవచ్చు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టి ఉంటే తీసేయండి. ఏ దిండూ లేకుండా, గట్టి పరుపు మీద, వెల్లకిలా. బోర్లా పడుకోబెట్టడం మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా ఉన్నప్పుడే, రోజూ కొన్నిసార్లు ఒకటి రెండు నిమిషాలు. మెడ గట్టిపడటానికి అది చాలు. చీర ఉయ్యాలలో గడ్డం ఛాతీకి ఆనిపోయి ఇలాంటి పిల్లలకి ఊపిరి అడ్డుకుంటుంది కాబట్టి నిద్ర అందులో వద్దు.

మెదడుకి ఏమైనా అయిందా అన్న ప్రశ్నకి, ఉత్తరం చదివి పరీక్ష చేయలేను. మీరు రాసిన వాటిలో నాకు భయం కలిగించేది మాత్రం ఒక్కటీ లేదు. పాలు బలంగా పట్టే బిడ్డ, బరువు పెరిగే బిడ్డ, మొహం వెతుక్కునే బిడ్డ. 35 వారాలకి పుట్టినవాళ్ళలో ఎక్కువమంది బాగానే ఎదుగుతారు. నెలలు నిండినవాళ్ళకన్నా ఇబ్బందులు కొంచెం ఎక్కువ కాబట్టి మూడు నెలలకోసారి చూపించుకుంటూ ఉండాలి. వెళ్ళిన ప్రతిసారీ తల చుట్టుకొలత కొలవమని మీరే అడగండి. కాళ్ళూ చేతులూ రెండు వైపులా సమానంగా ఆడిస్తోందా, ఒంటిని కట్టెలా బిగిస్తోందా, గుడ్డపీలికలా వేలాడేస్తోందా అని చూస్తారు. మీ దగ్గరున్న మాతా శిశు కార్డులో ఎదుగుదల గీతలు ఉంటాయి, తేడా అనిపిస్తే జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు.

రాత్రనకా పగలనకా పరిగెత్తాల్సినవి వేరే ఉన్నాయి. పాలు పట్టడం మానేసినా, ఎంత లేపినా లేవకుండా మగతగా ఉన్నా, జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా లేదా పొట్ట దగ్గర కూడా చల్లగా తగిలినా, నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఆకుపచ్చ రంగులో కక్కినా, ఫిట్స్ వచ్చినా ఏడుపు తగ్గుతుందేమోనని చూడకూడదు. కళ్ళు ఇంకా పసుపుగా ఉండి మలం సున్నంలా తెల్లగా వస్తుంటే ఆ రోజే చూపించండి. అలాంటి కాలేయ జబ్బుల్లో రెండు నెలలు దాటితే ఆపరేషన్‌కి ఫలితం తగ్గుతుంది. ఎక్కిళ్ళు, తుమ్ములు, నిద్రలో ఉలికిపాటు, ముక్కుతూ మూలుగుతూ ఒళ్ళు విరుచుకోవడం, పాలు కాస్త కక్కడం, వీటికి పరుగు అక్కర్లేదు.

చివరి వాక్యంలో మీకు నిద్ర పట్టడం లేదని రాశారు. పాప లేపడం వల్లనా, పాప నిద్రపోయాక కూడానా? రెండోదైతే నాకు చెప్పినట్టే ఇంకొకరికి చెప్పాలి. బిడ్డని ఐసీయూలో వదిలి ఖాళీ చేతులతో మంచం మీద పడుకున్న తల్లులకి ఈ దిగులు ఎక్కువగా వస్తుంది. ఏడుపు, దేని మీదా మనసు పోకపోవడం, నేను మంచి తల్లిని కానన్న ఆలోచన రెండు వారాలకి మించి ఉంటే అది జబ్బు, దానికి మందుంది. పాలిస్తూ వాడుకోగలిగినవి కూడా ఉన్నాయి. 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ వాళ్ళు ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు ఉండవు. పాపకో మీకో హాని చేసుకోవాలన్న ఊహ ఒక్కసారి మెదిలినా ఆ రోజే ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి.

మీ వారికి సెలవు దొరికితే కంటి పరీక్ష రోజుకి రమ్మనండి. వచ్చాక ఓ వారం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పాపని ఆయన ఛాతీ మీద వేయండి, పాలకి మాత్రం మీ దగ్గరికి. ఆ మూడు గంటల్లో మీరు వేడిగా భోజనం చేసి, పక్క గదిలో తలుపేసుకుని పడుకోండి. సెలవు దొరకకపోతే ఆ పని అమ్మగారిది.